అత్త ఇంట్లో ఉంటే రాకడ రానట్టే

మొన్నామధ్య మా సంఘం స్త్రీల కూడికలో నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. అంశం వాళ్ళే ఇచ్చారు: నిరీక్షణ, పరిశుద్ధత. "మీరు చదువుకున్నారు కదండీ, మీకేం కష్టం" అన్నారు. చదువుకున్నవాళ్ళకే ఆ రెండు మాటలూ కష్టమని చెప్పబోయాను గానీ, మా ఇంట్లోవాళ్ళు కళ్ళతోనే వద్దన్నారు. నాకు వాదన ఎక్కువని ఊరందరికీ తెలుసు.

సరే, నిలబడ్డాను. నాలుగు మంచి మాటలు కూడబెట్టుకునే వెళ్ళాను. మొదటి మాట నోట్లో ఉండగానే రేవు వైపు నుంచి ఓడ కూసింది. పొడుగ్గా, కడుపులోంచి వచ్చే కూత. హాల్లో ఎవరూ తల ఎత్తలేదు. ఫేన్లు తిరుగుతున్నాయి. ఒకావిడ ఫోను చూసుకుంటోంది. నేను మాత్రం మాట ఆపేసి, ఆఖరి వరసలో తలుపు పక్కనున్న కుర్చీకేసి చూశాను. ఖాళీ. ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. బాగా మాట్లాడానన్నారు. అలా అన్నారంటే ఏమీ మాట్లాడి ఉండను.

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

మేమప్పుడు పాత ఊళ్ళో ఉండేవాళ్ళం. విశాఖపట్నం అంటే ఇప్పటి పిల్లలకు బీచి రోడ్డు. మాకు ఊరంటే రేవే. వీధి చివర నిలబడితే ఓడల కాలవ కనిపించేది, దాని అవతల సముద్రంలోకి ముక్కు చాచుకుని కూర్చున్న కొండ. బయటి సముద్రంలోంచి ఓడ ఆ సందులోకి దూరుతుంటే, మా వీధి చివర ఇళ్ళ మధ్యనుంచి ఒక ఇనప మేడ నడిచిపోతున్నట్టుండేది. గాలి ఎటు తిరిగితే అటు వాసన. ఎండు నెత్తళ్ళు, తడిసిన గోనెలు, కిరసనాయిలు, వీటన్నిటి మధ్యా పక్కింట్లోంచి అత్తరు. పక్కిల్లు బూబమ్మగారిది. వాళ్ళకు మెయిన్ రోడ్డులో అత్తర్లు, లుంగీల దుకాణం ఉండేది.

వాసనలతో పాటు బుగ్గి. ఇనప రాయి ఓడల్లోకి ఎక్కించే రోజుల్లో ఎర్ర బుగ్గి వచ్చి మా ఇళ్ళ మీద వాలేది. బొగ్గు దించితే నల్ల బుగ్గి. ఆరేసిన బట్టల రంగు చూసి రేవులో ఏ సరుకు నడుస్తోందో మా అమ్మ చెప్పేసేది. అలాంటి వీధిలో మా అత్త తెల్లకోకలు కట్టేది. ఆ వీధి మొత్తం మీద అంతకన్నా మొండి పని ఇంకోటి లేదు.

అత్త అంటే మా నాన్నకు అక్క. నాన్న ఆమెను అప్ప అని పిలిచేవాడు. మా ఇంట్లోనే, పెరటి వైపు గదిలో ఉండేది. మాది పరిశుద్ధత గల సంఘం. ఆ మాట ముందుగా చెప్పేది మేమే. బాప్తిస్మం తీసుకున్న ఆడది బొట్టు పెట్టదు, పువ్వులు ముడవదు, గాజులూ బంగారం వేసుకోదు, తెల్లకోక తప్ప కట్టదు. మా అమ్మ మటుకు బాప్తిస్మం వాయిదా వేస్తూ వచ్చింది. ఏమమ్మా అని అయ్యగారు అడిగితే, "బుగ్గండి అయ్యగారూ" అనేది. అయ్యగారంటే మా బోధకుడు. ఆదివారం ఆదివారం భీమిలి నుంచి బస్సులో వచ్చేవారు. అమ్మ జవాబుకు ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక చేతిగుడ్డతో మెడ తుడుచుకునేవారు.

శనివారం అత్త కోకల రోజు. చిక్కటి గంజి, అందులో చిటికెడు నీలిమందు. ఉతికిన కోకను ఎండలో ఆరేస్తే బుగ్గి పడుతుందని, గది తలుపులు మూసి అడ్డంగా కట్టిన తాడు మీద ఆరేసేది. మధ్యాహ్నం ఇత్తడి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసేది. వేడి ఇస్త్రీ కింద గంజి కాలే వాసన, అన్నం అప్పుడే దింపినట్టుండే ఆ వాసన, నాకు ఇప్పటికీ పరిశుద్ధత అంటే అదే. ఎంత చేసినా ఆదివారం కూడిక నుంచి ఇంటికొచ్చేసరికి కుచ్చిళ్ళ అంచున ఎర్రటి గీత. అత్త దాన్ని చూసి నిట్టూర్చేది కాదు. "మళ్ళీ ఉతుకుదాం" అనేది, ఎవరితోనో పందెం వేసుకున్నట్టు.

తిండి విషయంలోనూ మాకు కట్టుబాట్లే. విగ్రహాలకు పెట్టినవి ముట్టకూడదు. ఎదురింటివాళ్ళు పెట్టిన పులిహోర అమ్మ పుచ్చుకుని, నవ్వి, వాళ్ళు లోపలికి వెళ్ళాక రిక్షావాడికి ఇచ్చేసేది. ఒక రంజానుకు బూబమ్మగారు గిన్నెడు పాల సేమ్యా పంపారు. జీడిపప్పు, ఖర్జూరం ముక్కలు, మీద నెయ్యి. అత్త గిన్నె పక్కకు జరుపుతుంటే నాకు ప్రాణం పోయింది.

"అత్తా, సాయిబులకి బొమ్మలుండవు కదా?"

"నేవు. అయితే ఏటి?"

"బొమ్మల్లేనప్పుడు ఇది దేనికీ పెట్టింది కాదు కదా. మరి తింటే తప్పేటి?"

అత్త నా మొహంకేసి చూసింది. "నీకు నోరెక్కువైపోనాది గుంటా," అంది. తర్వాత గిన్నె నా ముందుకు తోసి, "నాకూ రెండు సెంచాలు ఒగ్గు" అంది. నేను గెలిచిన మొదటి వాదన అది.

అన్నిటికన్నా పెద్దది రాకడ భయం. ప్రభువు వస్తాడు, కడబూర మోగుతుంది, పరిశుద్ధులు రెప్పపాటులో ఎత్తబడతారు, మిగతావాళ్ళు ఇక్కడే విడవబడతారు. అయ్యగారు చెబుతుంటే చేపల బుట్టలు మోసే ఆడవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు. ఒకే చాప మీద కూర్చున్న ఇద్దర్లో ఒకళ్ళుండరు. కట్టుకున్న బట్టలు ఉన్నచోటనే కుప్పగా రాలిపోతాయి. మనిషి ఉండడు, బట్ట ఉంటుంది. ఆ కుప్ప నాకు కళ్ళు మూసినా కనిపించేది.

రేవు పక్కనున్న పిల్లకు బూర భయం పెట్టడం ఎంత అన్యాయమో చూడండి. పొద్దున్న లేస్తే కూతలే. ఓడలు కూస్తాయి, వాటిని లాగే టగ్గులు కూస్తాయి, షిఫ్టు మారితే సైరను కూస్తుంది. వీటిలో కడబూర ఏదో తెలిసేదెలా? నేనో ఉపాయం కనిపెట్టాను. కూత వినబడగానే ఎక్కడున్నా ఇంట్లోకి పరిగెత్తి, అత్త ఉందో లేదో చూసుకునేదాన్ని. అమ్మను చూసి లాభం లేదు, అమ్మకు నా నోరే. నాన్న గోడ చాటున బీడీ కాలుస్తాడు. అత్త ఒక్కత్తే నాకు తూకం. అత్త ఎత్తబడకుండా ఎవరూ ఎత్తబడరు. అత్త ఇంట్లో ఉంటే రాకడ రానట్టే.

అలా పరిగెత్తి వెళ్ళిన ప్రతిసారీ అత్త కిటికీ దగ్గరే ఉండేది. చేతిలో ఏ పనున్నా ఆపి, కమ్మీలు పట్టుకుని నిలబడేది. చూపు మాత్రం పైకి ఉండేది కాదు. ఇళ్ళ సందులోంచి కాలవకేసి. కూత ఆగాక కాసేపటికి నన్ను చూసి, "ఏటే, పరిగెట్టుకొచ్చేవు?" అనేది. "ఏం లేదత్తా" అనేదాన్ని. ఇద్దరం అబద్ధాలాడుకుని ఎవరి పని మీద వాళ్ళం పోయేవాళ్ళం.

ఆ చూపు మావయ్య కోసం.

మావయ్య, అత్త పెనిమిటి, ఓడ మీద ఖలాసీ. డెక్కు కడగడం, తాళ్ళు లాగడం ఆయన పని. నెలల తరబడి ఉండడు. వస్తే ఇల్లంతా కొబ్బరినూనె, సిగరెట్టు, పరదేశపు సబ్బు వాసన. చిన్నదాన్ని నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని కాలవ దాకా తీసుకెళ్ళేవాడు. ఆఖరిసారి వచ్చినప్పుడు అత్తకు ఒక జపాను నైలాన్ కోక తెచ్చాడు. చిలకపచ్చ. గుప్పిట్లో పట్టే కోక. అప్పటికి అత్త బాప్తిస్మం తీసుకుని కొత్త. ముట్టుకోను కూడా ముట్టుకోనంది. ఇద్దరికీ పెద్ద గొడవ. వెళ్ళేరోజు పొద్దున గుమ్మంలో నిలబడి ఆయనన్న మాటలు అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది.

"సరే, ఇప్పుడు కట్టకు. నాను తిరిగొచ్చిన్నాడు ఒక్కపాలి కట్టి సూపించు, సాలు. తర్వాత నీ పరలోకం కోకే కట్టుకో. నా ఓడ కాలవలోకొచ్చినప్పుడు మూడు కూతలు ఏయిస్తాను. ఇనగానే కట్టీసుకో."

"ఓడ కూత ఏయించడానికి నువ్వేటి కేప్టెనువా?" అని నాన్న ఎగతాళి చేశాడట. అందరూ నవ్వారట. అత్త మటుకు నవ్వలేదట.

ఆ ఏడు తుఫాన్ల కాలంలోనే ఓడ కనబడకుండా పోయింది. మనిషి లేడు, చెక్క ముక్క లేదు. ఆచూకీ లేదని మాత్రం కబురొచ్చింది. కొన్నేళ్ళు గడిచాయి. అత్త మెడలో సంఘం నియమం ప్రకారం ముందే ఏమీ లేదు, నుదుట ఏమీ లేదు, కట్టింది తెలుపు. మొగుడున్న ఆడదో పోయిన ఆడదో చూస్తే తెలియదు. అత్తకది వీలుగానే ఉండేదనుకుంటాను. తీసేయడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

వీధికి అది నచ్చలేదు. మా ఇంట్లోవాళ్ళకూ నచ్చలేదు. ఒక ఆదివారం ఆరాధనయ్యాక అయ్యగారు మా ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. కోడికూర. కాలు ముక్క ఎప్పుడూ అయ్యగారికే. ఆయన తినకుండా ఒగ్గేస్తారేమోనని నేను గుమ్మంలో కాపలా. ఆయన కాలు ముక్క పక్కన పెట్టి, అత్తతో అన్నారు:

"అమ్మా, మీ ఆయన పేరున ఆదరణ కూడిక పెట్టుకుందాం."

మాలో ఎవరైనా చనిపోతే కొన్నాళ్ళకు అందరూ పోగై, ఫొటో పెట్టి, పాటలు పాడి, ఇంట్లోవాళ్ళకు ధైర్యం చెప్పే కూడిక అది. అది పెట్టారంటే మనిషి పోయాడని సంఘం ఒప్పుకున్నట్టే. దేహం లేకపోతే దాన్ని మించిన అంత్యక్రియ లేదు.

అత్త వడ్డన ఆపలేదు. "ఆయన పోనాడని ఎవురు సెప్పేరండి?"

"నిరీక్షణ వేరు, మొండితనం వేరమ్మా."

"తేడా ఎలగ తెలుస్తాదండి?"

"వాగ్దానం ఉంటే నిరీక్షణ. లేకపోతే మొండితనం."

"ఆయన వాగ్దానం సేసే ఎల్లేడు కదండి. వస్తానన్నాడు."

నాన్న కంచంలో చెయ్యి విదిలించాడు. "అప్పా! ఖలాసీ వాగ్దానం, దేవుడి వాగ్దానం ఒకటేనేటి?"

"కాదురా. కాని ఎదురుసూడ్డం రెండిటికీ ఒక్కలాగే ఉంటాది."

అప్పటిదాకా పొయ్యి దగ్గరున్న అమ్మ ఊరుకోలేకపోయింది. "వదినా, నాను సెప్పకూడదు గాని, కూత ఇనపడితే సాలు నువ్వు కిటికీకి యేలాడతన్నావ్. ఈదిలో ఏటనుకుంటన్నారో తెలుసా? మొగుడుండగానే తెల్లకోక కట్టీసి ఆణ్ణి ముంచీసిందంటన్నారు."

అన్నాక అమ్మే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త గరిటె గిన్నెలో పెట్టింది. మెల్లగా, చప్పుడు కాకుండా. "మీ ఇట్టం," అని తన గదిలోకి పోయింది. అయ్యగారు భోంచేయకుండా లేచారు. కాలు ముక్క నాకే దక్కింది. రుచి లేదు.

కూడిక శనివారం మధ్యాహ్నమని నిర్ణయమైంది. నాన్న మావయ్య ఫొటో స్టూడియోలో పెద్దది చేయించాడు. ఓడ మీద తెల్ల టోపీ పెట్టుకుని, ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతున్న ఫొటో. పెద్దది చేసేసరికి ఆ నవ్వు చెదిరి, నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టు వచ్చింది. అందరూ చూశారు. ఎవరూ అనలేదు.

ఆ శనివారం మాకు ఒంటిపూట బడి. మబ్బు పట్టి గాలి వేస్తోంది. బడి గేటు దాటుతుండగా ఓడ కూసింది. ఆగింది. మళ్ళీ కూసింది. ఆగింది. మూడోసారి కూసింది. నేను అలవాటుగా పరుగందుకున్నాను.

గుమ్మం బార్లా తెరిచి ఉంది. ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి, మనుషులు లేరు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద మావయ్య ఫొటో. పొయ్యి మీద పెద్ద గిన్నెలో టీ పొంగి, మంట మీద పడి, బుసబుసమంటోంది. పళ్ళెంలో బూందీ, సగం కట్టిన పొట్లాలు. నాన్న బీడీ కిటికీ గట్టు మీద ఇంకా కాలుతోంది. "అమ్మా!" అన్నాను. గాలికి తలుపు కొట్టుకుంది.

అత్త గదిలోకి వెళ్ళాను. నేల మీద, గది మధ్యలో, తెల్లకోక. మడత పెట్టింది కాదు. గుండ్రంగా కుప్పగా, లోపలి మనిషి మాయమైతే బట్ట ఎలా జారి పడుతుందో అలా.

  అమ్మ కూడా ఎత్తబడిందే, బీడీ కాల్చే నాన్న కూడా, నేనొక్కదాన్నే మిగిలానే అని, నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, రోషం. ఏం పాపం చేశాను? సేమ్యా తిన్నాను. అత్త కూడా తింది. అత్త తప్పుకుని నా మీదకు తోసేసిందా? అక్కడే ఆ కోక పక్కన కూలబడ్డాను. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

ఎంతసేపయిందో, పక్కింటి గుమ్మంలో బూబమ్మగారి దగ్గు వినపడింది. ఆవిడ ఉన్నందువల్ల నా భయం ఏమీ తగ్గలేదు. మా లెక్క ప్రకారం ఆవిడ మిగిలే మనిషే. కాని ఒక్కదాన్నే ఉండటం కన్నా నయం. వెళ్ళి ఆవిడ కాళ్ళు చుట్టేసుకున్నాను.

"బూబమ్మగారూ, మనిద్దరమే మిగిలిపోయాం."

"యా అల్లా! ఏటి మిగిలిపోనాం?"

"అందర్నీ ప్రభువు ఎత్తుకుపోయాడు."

ఆవిడ నా మొహం పట్టుకుని ఎత్తి చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటే నేను జన్మలో క్షమించేదాన్ని కాదు. "ఎవుర్నీ ఎత్తుకుపోనేదు బేటీ. ఓడ మూడు కూతలు కూసింది. మీ అత్త పచ్చకోక కట్టుకుని రేవుకేసి పరిగెట్టింది. మీవోళ్ళంతా ఎనకాతల పరిగెట్టేరు. రా, మనమూ ఎల్దాం." మా పొయ్యిలో నీళ్ళు చల్లి, నల్ల బురఖా తగిలించుకుని, నా చెయ్యి పట్టుకుంది.

రేవు అంచున, పడవలు కట్టే రాళ్ళ మీద అత్త కూర్చుని ఉంది. నేను ఆమెను రంగులో ఎన్నడూ చూడలేదు. చిలకపచ్చ కోక గాలికి ఒంటికి అతుక్కుపోయి, ఎవరో పడుచు పిల్లలా ఉంది. మొహం చూస్తే మాత్రం మా అత్తే. సంఘంవాళ్ళు దూరంగా గుంపుగా నిలబడ్డారు. ఒక్కళ్ళూ దగ్గరకు పోవడం లేదు. కాలవలో తుప్పు పట్టిన పెద్ద ఓడ నిదానంగా లోపలికి వస్తోంది. దాని కమ్మీల మీద వాలి ఎవడో పరదేశపు ఖలాసీ, తెల్ల టోపీ పెట్టుకున్నవాడు, ఒడ్డున పచ్చకోక చూసి చెయ్యి ఊపాడు. అత్త చెయ్యి సగం లేచింది. అక్కడే ఆగి, మెల్లగా ఒళ్ళో పడింది.

నాన్న దగ్గరకు వెళ్ళాడు. "అప్పా, లెగు. జనం సూత్తన్నారు."

"సూడనీరా. నాను కూడా సూత్తన్నాను కదా."

"ఓడ ఎనక్కి నడిస్తే మూడు కూతలు కూస్తాది. రోజూ కూస్తాది. నీకు తెల్దేటి?"

"తెలుసు."

అయ్యగారు ఆయాసపడుతూ వచ్చారు. చెప్పులు విడిచి, అత్త కన్నా కింద రాయి మీద కూర్చున్నారు. నేను బూబమ్మగారి చెయ్యి వదిలి దగ్గరకు పోయాను. అందుకే ఆ మాటలు విన్నాను.

"ఆయన ఉన్నాడా అమ్మా అందులో?"

"నేడండి."

"ఉంటాడనుకున్నావా?"

"అనుకోనేదండి. రోజూ కిటికీకాడే ఆగిపోతాను. ఇయాళ ఆ బల్ల మీద ఫొటో సూసేక కాళ్ళు ఆగనేదు." ఓడకేసి చూస్తూనే అంది: "అయ్యగారూ, ఈ కోక కట్టుకున్నానని పెద్దలు నన్ను ఏటన్నా పడతాను. కాని నా తప్పు ఇది కాదండి. బూర ఊదితే పైకి సూడాలని మీరు సెప్తారు. ఇన్నేళ్ళల్లో ఒక్కపాలి కూడా నాను పైకి సూడనేదు. కూత ఇనపడితే నా తల కాలవకేసే తిరుగుతాది. రేపు నిజింగా ప్రెభువే వచ్చీసినా నాను అటే సూత్తుంటాను. నన్ను ఒగ్గీసి ఎల్లిపోతాడండి. తెల్లకోక తెల్లకోకలాగే ఉండిపోద్ది."

 ఇంతకాలం నేను దేన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నానో అదే భయపడుతోంది. నా తూకమే తప్పు. అత్త ఇంట్లో ఉన్నంత మాత్రాన రాకడ రానట్టు కాదు. అత్త కూడా మిగిలిపోవచ్చు.

అయ్యగారు అన్నారు, "ఒకరోజు సముద్రం కూడా తనలో ఉన్నవాళ్ళను అప్పజెబుతుందమ్మా."

"అప్పుడు కాదండి. నాకు ఇప్పుడు కావాలి."

ఆయన తల దించుకున్నారు. నేను తర్వాత జీవితంలో ఎందరో బోధకులతో వాదించాను. జవాబు లేనప్పుడు నోరు మూసుకున్నవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను.

చినుకులు మొదలయ్యాయి. బూబమ్మగారు రాళ్ళు దిగి వచ్చి, బురఖా విప్పి అత్త తల మీద కప్పింది. నడివీధిలో ఆవిడ బురఖా తీయడం అదే మొదలు, అదే ఆఖరు. "లెగు అక్కా. మీ టీ అడుగంటిపోనాది. మా ఇంట్లో పెడతాను, రా." అత్త లేచింది.

ఆ రోజు కూడిక జరగలేదు. అయ్యగారే బల్ల మీది ఫొటో తీసి అత్త చేతికిచ్చారు. తెల్లగుడ్డ మడతపెట్టారు. అందరూ బూబమ్మగారి టీ తాగి, బూందీ తిని, ఒక పాట పాడి వెళ్ళిపోయారు. నిజమైన ఆదరణ కూడిక ఏదైనా ఉంటే అదేనేమో.

పెద్దలు మాత్రం ఊరుకోలేదు. రంగు కోక కట్టినందుకు అత్తను కొన్నాళ్ళు ప్రభువు బల్లకు దూరం పెట్టారు. రొట్టె, ద్రాక్షారసం అందరికీ అందుతుంటే ఆమె వెనక, తలుపు పక్కన చాప మీద విడిగా కూర్చోవాలి. అత్త తెల్లకోక కట్టుకుని వెళ్ళి అలాగే కూర్చుంది, ఒక్క ఆదివారం మానకుండా. గడువు తీరాక ముందుకు రమ్మన్నారు. రాలేదు. "ఇక్కడ గాలాడతాది," అంది. గాలి ఒక్కటే కాదు, ఆ తలుపులోంచి కూత కూడా బాగా వినపడుతుంది. శిక్ష వేసినవాళ్ళకు ఆ సంగతి ఎప్పటికీ తెలియలేదు.

తర్వాత ఉక్కు ఫేక్టరీ వచ్చింది. సంఘంలో సగంమంది పనులు దొరికి గాజువాక, దువ్వాడ వైపు ఇళ్ళు కట్టుకున్నారు. బూబమ్మగారి కొడుకులు దుకాణం ఎత్తేశారు. పాత ఊరు మెల్లగా, పన్ను ఊడినట్టు ఒక్కొక్క ఇల్లూ ఖాళీ అయింది. మా ఇల్లున్న వరస ఇప్పుడు లేదు. తాటాకు పందిరి కూడికల చోట స్లాబు లేచింది, చాపలు పోయి కుర్చీలు వచ్చాయి. అత్త తలుపు పక్క కుర్చీలోకి మారింది.

నేను కాలేజీలో చదివి, అన్నిటినీ ప్రశ్నించి, చాలావాటిని వదిలేసి, వయసు మీద పడ్డాక కొన్నిటిని మళ్ళీ ఏరుకున్నాను. అత్త దేన్నీ వదలలేదు. ముసలితనంలో చెవులు మందగించాయి. మనం గట్టిగా అరిచినా వినపడేది కాదు. ఓడ కూస్తే మాత్రం తల అటు తిరిగేది. ఒక సాయంత్రం ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను:

"ఇంకా అటే చూస్తున్నావా అత్తా? భయం లేదా నీకు?"

"భయమా? పోనాది." పళ్ళు లేని నోటితో నవ్వింది. "ఆ రాయి మీద అయ్యగారు అన్నమాట నాకు అప్పుడు ఎక్కనేదు గుంటా. సముద్రం అప్పజెప్పీసిన్నాడు మీ మావ ఎటునుంచొస్తాడు? ఈ కాలవలోంచే కదా. బూర ఊదిన్నాడు నాను పైకి సూసినా ఒకటే, అటు సూసినా ఒకటే."

నాకు వాదన ఆగదు కదా. "ఎక్కడో నడిసముద్రంలో మునిగినవాడు, వెతుక్కుని ఈ కాలవలోంచే ఎందుకొస్తాడత్తా?"

అత్త నన్ను జాలిగా చూసింది. "మరి ఇంటికి ఏ దారినొస్తాడే?"

నేను లేచి కిటికీ తలుపు బార్లా తెరిచాను. 

పోయేముందు ఒకటే అడిగింది. ఒంటికి తెల్లది కట్టండి, పచ్చది తల కింద పెట్టండి. శవపెట్టెలో రంగు కోకేమిటని కొత్త పాస్టరుగారు, పెద్దలు అభ్యంతరం చెప్పారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఏమేం అన్నానో రాయను. నా నోరు జీవితంలో ఒక్కసారి పనికొచ్చింది. చిలకపచ్చ మడత మీద తల పెట్టుకుని అత్త వెళ్ళింది.

ఇప్పుడు నేనుండేది ఊళ్ళోనే, ఎత్తయిన అపార్ట్‌మెంట్లో. ఒక్కో సాయంత్రం గాలి ఇటు తిరిగితే కూత వినపడుతుంది.  చేతిలో పని పెట్టేసి, నాకు తెలియకుండానే ఇల్లంతా ఒకసారి తిరుగుతాను. పడగ్గది, వంటిల్లు, వరండా. ఎవరికోసమో ఇంట్లోవాళ్ళు ఎన్నడూ అడగలేదు.

అత్త ఇంట్లో ఉంటే రాకడ రానట్టే. అత్త లేదు. ఆయన వచ్చి వెళ్ళిపోయాడో, ఇంకా రాలేదో నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు. అప్పుడు కిటికీ దగ్గరకు వెళ్ళి కమ్మీలు పట్టుకుంటాను. ఇక్కణ్ణుంచి కాలవ కనబడదు, అన్నీ మేడలే.

అయినా అటే చూస్తాను.